మజిలీల లెక్క

పర్వత ప్రాంతాల్లో మోటారు సైకిలు మీద పలు రోజుల యాత్ర తలపెట్టినవారు సాధారణంగా మొదట పటం ముందు వేసుకుని దూరాలు కూడుతారు. మొత్తం కిలోమీటర్లను చేతిలో ఉన్న సెలవు రోజులతో భాగించి, రోజుకు ఇంత చొప్పున అని తేల్చుకోగానే పథకం సిద్ధమైపోయినట్లు అనిపిస్తుంది. మైదానంలో ఈ లెక్క చాలావరకు చెల్లుతుంది. హైదరాబాదు నుంచి నాగపూరు దాకా దాదాపు 500 కిలోమీటర్ల రహదారిని ఒక పగటిలో ముగించిన మనిషి మరునాడు మరో అయిదువందలు ముగించగలడు, ఒళ్లు నొప్పులు తప్ప అతన్ని ఆపేది పెద్దగా ఉండదు. హిమాలయాల్లో ఇదే లెక్క ప్రమాదకరంగా తప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఆ రాత్రి పడుకునే చోటు ఎంత ఎత్తున ఉంది, దారిలోని వాగును ఏ వేళకు దాటాలి, కొండ విరిగిపడితే ఆగి కూర్చోవడానికి ఎన్ని రోజులు మిగిలి ఉన్నాయి అన్న ప్రశ్నలకు జవాబు దొరికిన తర్వాతే దూరం మాట వస్తుంది.

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయను చుట్టి వచ్చే దారిని దీనికి ఉదాహరణగా తీసుకోవచ్చు. సిమ్లాలో మొదలై, నార్కండా, రాంపూర్‌ల మీదుగా సట్లెజ్ నది వెంట కిన్నౌర్ జిల్లాలోకి ప్రవేశించి, ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే ఇరుకు లోయను దాటి, నాకో, టాబోల మీదుగా కాజా చేరి, అక్కడి నుంచి లోసర్ గ్రామం దాటి సుమారు 4,550 మీటర్ల ఎత్తున్న కుంజుమ్ కనుమ ఎక్కి, చంద్రా నది లోయలోకి దిగి, బాతల్, ఛత్రు, గ్రాంఫూల గుండా మనాలికి వచ్చి ముగిసే ఈ దారి మొత్తం సుమారు 650 కిలోమీటర్లు ఉంటుంది. మైదానపు లెక్కలో ఒకటిన్నర రోజు పనిగా కనిపించే ఈ దూరానికి ఆలోచించి వేసిన పథకంలో పది రోజులైనా కేటాయించవలసి వస్తుంది, అలా కేటాయించినవారికే ఆ లోయ కనిపిస్తుందని కూడా చెప్పవచ్చు.

ఇటువంటి దారికి డ్యూయల్ స్పోర్ట్ అనే తరగతి బండి నప్పుతుంది. తారురోడ్డు మీద చట్టబద్ధంగా నడపగలిగే దీపాలు, నంబరు ప్లేటు, సీటు ఉంటూనే, కంకర, బురద, రాళ్లు నిండిన దారిలో దిగినా తట్టుకునేలా తయారైన బండి అని ఆ పేరుకు అర్థం. ముందు చక్రం సాధారణంగా 21 అంగుళాల పెద్దది కావడం వల్ల గుంటల అంచులను సులువుగా ఎక్కుతుంది. ఇంజను అడుగుభాగానికీ నేలకూ మధ్య ఉండే ఎడం, అంటే గ్రౌండ్ క్లియరెన్స్, ఎక్కువగా ఉండటం వల్ల రాళ్లు తగలవు. చక్రం పైకీ కిందికీ కదలగలిగే మేర, అంటే సస్పెన్షన్ ట్రావెల్, ఎక్కువగా ఉండటం వల్ల కుదుపు నడుము దాకా రాదు. ఈ తరహా బండి మన దేశంలో 2011లో హీరో ఇంపల్స్‌తో సామాన్యుల అందుబాటులోకి వచ్చి, 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక నిలదొక్కుకుంది. వీటిలో ఏది మేలన్న చర్చ ఎప్పటికీ తెగదు గాని, ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పదగినది: పెద్ద ఇంజను కన్నా తక్కువ బరువే కొండదారిలో అక్కరకు వస్తుంది. దాదాపు 160 కిలోల బండి రాళ్ల మధ్య ఒరిగితే సగటు మనిషి ఒక్కడే లేపి నిలబెట్టగలడు, 200 కిలోల బండిని సామానుతో సహా లేపాలంటే గాలి పలచబడిన ఆ ఎత్తులో ఇద్దరికైనా ఆయాసం తప్పదు. కాబట్టి పథకం వేసేటప్పుడు ఇంజను శక్తిని గురించి ఆలోచించే సమయంలో సగం సామాను తగ్గించడం గురించి ఆలోచించినా మేలే జరుగుతుంది.

ఎత్తు సంగతి వేరుగా, వివరంగా చూడవలసినది. గాలిలో ప్రాణవాయువు పాలు కొండమీదైనా సముద్రతీరంలోనైనా దాదాపు 21 శాతమే. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, దానితో ఒక్కో ఊపిరిలో లోపలికి వెళ్లే ప్రాణవాయువు తగ్గుతుంది. సముద్రమట్టంతో పోలిస్తే కాజా ఎత్తులో పీడనం మూడింట రెండు వంతులకు, కుంజుమ్ మీద అరవై శాతం లోపుకు పడిపోతుంది. దీని ప్రభావం ముందుగా బండి మీద కనిపిస్తుంది: ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం చొప్పున ఇంజను శక్తి తగ్గుతూ పోయి, కింద నాలుగో గేరులో ఎక్కిన ఎత్తును అక్కడ రెండో గేరులో ఎక్కవలసి వస్తుంది. పాత తరహా కార్బురేటరు బండ్లలో గాలి తగ్గినా పెట్రోలు తగ్గదు కనుక, ఊదేవారు లేక కట్టెలు మాత్రం కుక్కిన పొయ్యిలాగా ఇంజను పొగచూరి, ఆగి ఆగి నడుస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పద్ధతిలో గాలి పీడనాన్ని కొలిచే సెన్సర్ ఒకటి ఉండి, దాని ప్రకారం పెట్రోలు పాళ్లు అప్పటికప్పుడే సరిచేయబడతాయి కనుక ఆ ఇబ్బంది తప్పింది. శక్తి తగ్గడం మాత్రం దానిలోనూ తప్పదు.

యంత్రం క్షణాల్లో చేసుకునే ఈ సర్దుబాటుకు మనిషి శరీరానికి రోజులు పడతాయి, మోటారు మీద చేసే పర్వతయాత్రకు సంబంధించిన చిక్కు అంతా ఇక్కడే ఉంది. గాలి పలచబడగానే ఊపిరి వేగం పెరుగుతుంది. ఎక్కువగా ఊపిరి వదలడం వల్ల రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. అలా మొగ్గిన వెంటనే ఊపిరిని నియంత్రించే మెదడు భాగం దాన్ని మళ్లీ నెమ్మదింపజేస్తుంది. మూత్రపిండాలు బైకార్బొనేటును బయటికి పంపి ఆ సమతూకాన్ని సరిచేసేదాకా ఈ పెనుగులాట సాగుతూనే ఉంటుంది, కొత్తగా ఎత్తుకు వెళ్లినవారు మొదటి రాత్రుల్లో ఉన్నట్టుండి ఊపిరి ఆగినట్లై ఉలిక్కిపడి లేవడానికి కారణం ఇదే. కాలినడకన, గుర్రాల మీద వెళ్లిన పాతకాలపు వర్తకులు రోజుకు ఎక్కగలిగిన ఎత్తు వారి శరీరం సర్దుకోగలిగిన ఎత్తుకు కొంతైనా దగ్గరగా ఉండేది. మోటారు వచ్చిన తర్వాత మనిషి మధ్యాహ్నభోజనానికీ సాయంత్రం టీకీ మధ్య రెండువేల మీటర్లు ఎక్కి, తన రక్తం ఇంకా కిందనే ఉన్న సంగతి గుర్తించకుండా గుడారం వేసుకోగలుగుతున్నాడు.

అందువల్లనే పర్వత వైద్యులు ఒక నియమం చెబుతారు: 3,000 మీటర్లు దాటిన తర్వాత పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో మరొక రాత్రి అదనంగా ఉండాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పడుకునే చోటు ఎత్తు. పగలు అంతకన్నా పైకి వెళ్లి రాత్రికి దిగిరావడం అలవాటుపడటానికి తోడ్పడుతుంది. ఈ నియమాన్ని చేతిలో పెట్టుకుని స్పితి పటం చూస్తే మజిలీలు వాటంతట అవే స్థిరపడతాయి. నార్కండా సుమారు 2,700 మీటర్లు, కిన్నౌర్‌లోని కల్పా 2,900కు కొంచెం పైన, నాకో 3,600, టాబో 3,280, కాజా 3,650. కల్పాలో నిద్రించి మరునాడు నాకోలో ఆగితే ఒక్కరోజున ఏడువందల మీటర్ల పెరుగుదల అవుతుంది; నాకో చెరువును పగటిపూట చూసి, అక్కడ రాత్రి ఉండకుండా మరో అరవై కిలోమీటర్లు సాగి, 996లో స్థాపితమైన బౌద్ధవిహారం ఉన్న టాబోకు దిగితే నియమం చెడదు, పైగా మర్నాటి ఉదయం ఆ మట్టిగోడల మధ్య గోడచిత్రాలను తీరికగా చూసే అవకాశమూ దక్కుతుంది. కాజాలో మూడు రాత్రులైనా ఉండి, నాలుగువేల మీటర్లు దాటిన కిబ్బర్, హిక్కిమ్, కోమిక్ గ్రామాలకు పగలు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చినవారికి, ఆపైన సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉన్న చంద్రతాల్ సరస్సు దగ్గర రాత్రి గడపడం భారం కాదు.

ఇదే వలయాన్ని మనాలి వైపు నుంచి తిరగేసి చేస్తే ఏమవుతుందో చూడాలి. మనాలి సుమారు 2,050 మీటర్లు. 2020 అక్టోబరు 3న 9 కిలోమీటర్ల పొడవైన అటల్ సొరంగం ప్రారంభమైన తర్వాత రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే శ్రమ తప్పి, ఉదయం మనాలిలో బయలుదేరినవారు చీకటి పడేలోగా చంద్రతాల్ చేరగలుగుతున్నారు. ఒక్కరోజులో రెండువేల మీటర్లకు పైబడిన ఈ పెరుగుదలకు ఏ వయసువారి శరీరమైనా ఎదురు తిరగవచ్చు, యువకులు, వ్యాయామం చేసేవారు అయినంత మాత్రాన మినహాయింపు లేదు. మనాలి నుంచి లేహ్‌కు పోయే దారిలో 4,200 మీటర్లు దాటిన సర్చూలో మొదటి రాత్రి గడిపి తలనొప్పితో, వాంతులతో తెల్లవార్లూ కూర్చున్నవారి కథలు మోటారుసైకిలు యాత్రికుల్లో అందరికీ తెలిసినవే. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు తొలి లక్షణాలు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాచడం దాని తీవ్రరూపాలు, వీటికి ఆలస్యం చేయకుండా కిందికి దిగడమే మొదటి వైద్యం. డయామాక్స్ పేరుతో దొరికే ఎసెటజోలమైడ్ మాత్ర మూత్రపిండాలు చేయవలసిన పనిని త్వరపెట్టి సాయపడుతుంది గాని, సల్ఫా మందులు పడనివారు ఉంటారు కనుక వైద్యుణ్ని అడగకుండా వేసుకోదగినది కాదు. మెదడుకు ప్రాణవాయువు చాలనప్పుడు తూలడం, నిర్ణయాలు తడబడటం ముందుగా వస్తాయి, నడిచేవాడు తూలితే పక్కవారు గుర్తిస్తారు, బండి మీద ఉన్నవాడు మాటిమాటికీ పడిపోతుంటే అందరూ దారిని తిట్టి ఊరుకుంటారు. సులువైన దారిలో కూడా ఎవరైనా వరుసగా బండి పడేస్తుంటే, అతన్ని దింపి, ఒక మడమ ముందు మరొక మడమ పెట్టి సరళరేఖ మీద నడిపించి చూడటం బృందంలోని ప్రతివారూ నేర్చుకోవలసిన పని.

ఎత్తు తర్వాత పథకాన్ని శాసించేవి వాగులు. హిమానీనదాల నుంచి, కరిగే మంచు నుంచి పుట్టి రోడ్డుకు అడ్డంగా పారే ఈ వాగులను అక్కడివారు నాలాలు అంటారు. రాత్రి చలికి మంచు గడ్డకట్టడం వల్ల తెల్లవారుజామున చీలమండ లోతు ఉన్న నాలా, ఎండ ముదిరాక పై మంచు కరిగి మధ్యాహ్నానికి మోకాలు దాటుతుంది, కాబట్టి బాతల్ నుంచి గ్రాంఫూ దాకా ఉన్న గుండ్రాళ్ల దారిని ఉదయమే మొదలుపెట్టాలి. పటంలో వంద కిలోమీటర్ల లోపు కనిపించినా ఆ దారి పగటిలో పెద్ద భాగాన్ని తీసుకుంటుంది. నాలా ఎదురైనప్పుడు అనుభవజ్ఞుడు ముందు బండి ఆపి, వీలైతే మరొక వాహనం దాటేదాకా ఆగి దాని చక్రాలు ఎంత మునిగాయో చూస్తాడు. వాహనం రాకపోతే బూట్లతోనే నీళ్లలోకి దిగి, అడుగున రాళ్లు కదులుతున్నాయా, ఎంత పెద్దవి, గుంట ఎక్కడుంది అని పాదాలతో తడిమి, రోడ్డు అంచున లోయలోకి నీళ్లు దూకే వైపుకు దూరంగా ఒక దారి నిశ్చయించుకుంటాడు. సామాను బరువుగా ఉంటే విప్పి చేతులతో అవతలి గట్టుకు చేరుస్తాడు. తర్వాత మొదటి గేరులో, ఒకే వేగంతో, చూపు నీళ్ల మీద పెట్టకుండా అవతలి గట్టు మీద నిలిపి దాటుతాడు, ఎందుకంటే పారే నీటిని చూస్తూ నడిపితే బండి ఆ పారుదల వైపే ఒరుగుతుంది. నడిమధ్య బండి పడి ఇంజను గాలిగొట్టంలోకి నీళ్లు పోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. సిలిండర్‌లో చేరిన నీళ్లను పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గట్టుకు తోసుకుపోయి, స్పార్క్ ప్లగ్ విప్పి, ఇంజను తిప్పి నీళ్లు బయటికి పోయేలా చేసి, గాలి వడపోత ఆరబెట్టిన తర్వాతే ప్రయత్నించాలి. ఇంతటికీ గంటలు పడతాయి, అందుకే నాలాలు ఉన్న రోజున వేరే గమ్యాలు పెట్టుకోకపోవడం మంచిది.

పెట్రోలు, సామాను విషయాలు అంత చిక్కైనవి కావు. కిన్నౌర్‌లోని రెకాంగ్ పియో పట్టణం దిగువన పోవారీలో పెట్రోలు బంకు ఉంది, ఆ తర్వాత నమ్మదగినది రెండువందల కిలోమీటర్ల దూరంలోని కాజా బంకు, అక్కడి నుంచి మనాలికి మరో రెండువందల కిలోమీటర్లు. కిబ్బర్, చంద్రతాల్ వంటి పక్కదారులను కలుపుకుని, తక్కువ గేర్లలో ఖర్చు పెరుగుతుందని గుర్తుంచుకుని, ట్యాంకు సామర్థ్యాన్ని సరిచూసుకుంటే చాలు. ట్యూబ్ టైర్లు ఉన్నవారు టైరు విప్పే ఇనుప మీటలు, అదనపు ట్యూబు, చేతిపంపు వెంట ఉంచుకోవడమే కాకుండా, ఇంటి దగ్గరే ఒకసారి స్వయంగా చక్రం విప్పి పంచరు వేసి చూసుకోవాలి. విదేశీ యాత్రికులు వాడే ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు భారతదేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాడటం చట్టవిరుద్ధమన్న సంగతి, విదేశాల నుంచి వచ్చే తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

తెలుగు నేలలో ఈ యాత్రకు సాధన చేయడానికి చోటు లేకపోలేదు. మారేడుమిల్లి, చింతపల్లి, సీలేరు ప్రాంతాల ఘాట్ రోడ్లలోనూ, వాటి పక్కన గిరిజన గ్రామాలకు పోయే మట్టిదారుల్లోనూ వంకర్లు, బురద, గెడ్డలు దాటడం అన్నీ నేర్చుకోవచ్చు. ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి మోకాళ్లతో ట్యాంకును పట్టి నడపడం అలవాటయ్యేదాకా అక్కడ తిరగడం, కొత్త హెల్మెట్ కొనడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. అయితే ఇక్కడి తూర్పు కనుమల్లో అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లను దాటవు కనుక ఎత్తుకు మాత్రం ఇక్కడ సాధన లేదు, ఆ పాఠం కిన్నౌర్‌లోనే మొదలవుతుంది. ఇక బండిని రైలులో పంపేవారు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డుతో పార్సెల్ ఆఫీసులో అప్పగించవలసి ఉంటుంది. మనిషి ఎక్కిన రైలులోనే బండి వస్తుందన్న నమ్మకం లేదు కనుక అక్కడ కూడా ఒక రోజు వదులుకోవలసిందే.

ఇలా మజిలీ మజిలీకీ ముందుచూపుతో సాగే యాత్రకు తెలుగులో పాత ఆనవాలు ఉంది. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామి, 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్రలో, ఏ ఊరు ఎన్ని ఆమడల దూరం, అక్కడ దిగడానికి వసతి ఎటువంటిది, నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా లేవా అన్న వివరాలను ప్రయాణం పొడవునా రాసుకుంటూ వెళ్లాడు. ఆ పుస్తకంలో రోజు విలువ నడిచిన దూరంతో తూగదు, చేరిన చోట మనిషికీ మోతగాళ్లకూ దొరికిన ఆదరువుతో తూగుతుంది. నేటి యాత్రికుడి పథకంలో కూడా ప్రతి మజిలీకి ఎదురుగా కిలోమీటర్ల అంకె ఒక్కటే ఉంటే అది చాలదు. పడుకునే ఎత్తు, నీళ్లు, పెట్రోలు, దగ్గరి ఆసుపత్రి, కిందికి దిగే దారి కూడా అక్కడ ఉండాలి.

ఏ కాలంలో వెళ్లాలన్నదానికి కుంజుమ్ కనుమే సగం సమాధానం చెబుతుంది. అది సాధారణంగా జూన్‌లో తెరుచుకుని అక్టోబరు వరకు ఉంటుంది. జూన్ తొలిరోజుల్లో మంచు కరిగే నీళ్లు ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో స్పితి వానచాటు ప్రాంతం కనుక పొడిగానే ఉన్నా, దానికి దారితీసే కిన్నౌర్‌లో వానకు కొండచరియలు విరిగిపడతాయి. సెప్టెంబరు రెండో సగంలో నాలాలు తగ్గి, ఆకాశం తేటపడి, రాత్రుల చలి మాత్రం పదునెక్కుతుంది, ఆ చలిని భరించగలవారికి అన్నిటికన్నా అదే మేలైన సమయం. అయినా కాలం ఎంత చూసుకున్నా కొండ మాట కొండదే. 2023 జూలై రెండో వారంలో హిమాచల్ అంతటా కుంభవృష్టి కురిసి రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయినప్పుడు, చంద్రతాల్ దగ్గర మంచు కురిసి అక్కడి గుడారాల్లోని 250 మందికి పైగా యాత్రికులు కొన్ని రోజులు చిక్కుకుపోయారు, దారిలోని మంచును తొలగించి వారిని బయటికి తీసుకురావలసి వచ్చింది. అటువంటి వేళ తిరుగు ప్రయాణపు టికెట్టు మరునాటికి ఉన్న మనిషి తెగించి ప్రవాహంలో దిగుతాడు, రెండు రోజులు ఖాళీగా ఉంచుకున్న మనిషి గుడారంలోనే ఆగుతాడు. ఖాళీ రోజులను వృథాగా భావించి పథకంలోంచి కొట్టివేయడం కన్నా, కోమిక్‌నో కిబ్బర్‌నో వదులుకోవడం ఎంతో నయం.

వెనక్కి మళ్లే చోట్లను కూడా ఇల్లు కదలకముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే 4,000 మీటర్ల పైన అలసిన మనసు ఇంత దూరం వచ్చాం కదా అన్న వాదనకు సులువుగా లొంగుతుంది. స్పితి వలయంలో అటువంటి చోటు లోసర్. కుంజుమ్ మీద మంచు పడినా, బాతల్ వైపు నాలాలు పొంగాయని అటునుంచి వచ్చిన డ్రైవర్లు చెప్పినా, బృందంలో ఒక్కరికి తలనొప్పి తగ్గకున్నా, అక్కడి నుంచి ముందుకు సాగకుండా కాజాకు, అవసరమైతే టాబోకు దిగి, వచ్చిన కిన్నౌర్ దారినే సిమ్లాకు తిరిగి చేరాలి. అందుకు మరో మూడు రోజులు, కాజాలో ట్యాంకు నిండా పెట్రోలు, మనాలిలో గది కోసం కట్టిన బయానా పోయినా ఫరవాలేదన్న సిద్ధపాటు కావాలి; సెలవు చీటీలో ఆ మూడు రోజులను మొదటే చేర్చి, తిరుగు టికెట్టును కొండ దిగిన తర్వాత తీసుకోవాలి.